తల్లిదండ్రులు కనిపించని ఇంటర్న్‌షిప్

2014 నిబంధనలతో బి.ఎడ్. రెండేళ్ల కోర్సు అయింది. ఛాత్రోపాధ్యాయులు పాఠశాలల్లో గడపవలసిన కాలం 20 వారాలకు పెరిగింది. కాలం పెరిగినంతగా పని మారలేదని నా అభిప్రాయం. నేను దిద్దిన రికార్డుల్లో పాఠ్యపథకాలు, చార్టులు పుష్కలం. విద్యార్థి ఇంటి ప్రస్తావన అరుదు. సహోపాధ్యాయుని తరగతిని పరిశీలించిన నివేదికలు చాలావరకు 'బోధన బాగుంది' అనే మాటతో ముగిసేవి. దిద్దే మేమూ సంతకం పెట్టి ఊరుకున్నాం.

విద్యాహక్కు చట్టం, 2009లోని 24వ సెక్షన్ ప్రకారం, తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై పిల్లల హాజరు, అభ్యసన సామర్థ్యం, ప్రగతి గురించి వారికి తెలియజేయడం ఉపాధ్యాయుని విధి. 'తెలియజేయడం' అన్న మాటను గమనించండి. చెప్పేది ఉపాధ్యాయుడు, వినేది తల్లి. పత్తి ఏరే రోజుల్లో పిల్ల బడికి ఎందుకు రాలేదో ఆ తల్లికే బాగా తెలుసు. ఆమెను అడగడం ఎవరి విధి? అదే చట్టం 21వ సెక్షన్‌లో, ప్రభుత్వ పాఠశాలల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల స్థానాలు తల్లిదండ్రులకు, సంరక్షకులకు ఇచ్చింది. అక్కడ ఆమె సభ్యురాలు కాగలదు.

ఇంటర్న్‌షిప్‌లో ఒక్కసారైనా ఆ కమిటీ సమావేశంలో కూర్చొని, ఏమీ బోధించకుండా, విన్నది రాసుకురావడం తప్పనిసరి చేయాలి. దానికి మార్కులూ ఉండాలి. లేకపోతే ఎవరూ రాయరు.