మూత కింద పేర్లు

మన ఇళ్లలో స్టీలు బిందె కొన్నామంటే దాని మీద పేరు కొట్టించందే ఊరుకోం. ఫలానా వారి పెళ్లికి ఫలానా వారు ఇచ్చారని పదిమందీ చూడాలి మరి. భట్టిప్రోలు బౌద్ధ స్తూపంలోని ధాతుపేటికల మీది పేర్లు చదివినప్పుడు ఈ బిందెలే గుర్తొచ్చాయి. తేడా ఒక్కటే. పేటికల మీది పేర్లు ఎవరూ చూడకూడని చోట ఉన్నాయి.

1892లో పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ రే అక్కడి స్తూపాన్ని తవ్వించాడు. అప్పటికే ఇటుకలు రోడ్డుకి, పాలరాళ్లు కాలువ పనులకి పోయాయి. అయినా లోపల మూడు రాతి పెట్టెలు మిగిలాయి. రాతి పెట్టెలో స్ఫటికపు భరిణె, ఎముక ముక్క, బంగారు పూలు, ముత్యాలు. స్ఫటికం ఉలికి లొంగే సరుకు కాదు. గట్టి పొడి వేసి గంటల తరబడి రాస్తూ లోపల తొలచాలి, తొందరపడితే పగులుతుంది. అంత శ్రమపడి చేసింది ఇటుకల గుట్టలో పూడ్చిపెట్టడానికి!

ఒక పెట్టె అంచు మీది ప్రాకృత శాసనంలో దాతల లెక్క ఉంది: కురుడి తండ్రి, కురుడి తల్లి, కురుడు, శివుడు. బుద్ధుడి ధాతువులు ఉంచడానికి మంజూషా, స్ఫటికపు పెట్టే చేయించింది వీళ్లే. తల్లిదండ్రులకు సొంత పేర్లు లేవు చూశారా? ఇప్పటికీ మన వీధుల్లో పిలుపులు ఇంతే, పిల్లాడి పేరు చెప్పి వాళ్లమ్మ అంటాం. పుస్తకాల్లో భట్టిప్రోలు అనగానే లిపి గురించి పేజీలు నింపుతారు గానీ, ఈ కుటుంబాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ.

నాగార్జునకొండ పద్ధతి వేరు. పురావస్తు పరిశోధకుడు లాంగ్‌హర్స్ట్ తవ్వకాల్లో, అక్కడి పెద్ద స్తూపమైన మహాచైత్యంలో ముప్పావు అంగుళం బంగారు భరిణె దొరికింది. స్తూపం ఆకారంలో చేసిన వెండి పెట్టెలో దాన్ని ఉంచారు. పేర్లు మాత్రం బయట, స్తూపం నాలుగు వైపులా వేదికల మీద నిలిపిన ఆయక స్తంభాల మీద. ఆ దాతల్లో ముఖ్యురాలు చాంతిసిరి, రాజు వీరపురుషదత్తుడికి మేనత్త, పిల్లనిచ్చిన అత్తగారు కూడా. మేనరికం మనకి కొత్తేం కాదు! దానఫలంగా అల్లుడికి ఆయుస్సు, విజయం కోరింది. వెలుగులో నిలబెట్టిన ఆ పేరులో రాజకుటుంబపు దర్జా ఉంది, తప్పేం లేదు. నాకు మాత్రం కురుడి ఇంటివాళ్లే నచ్చుతారు. మూత పడ్డాక చదివేవాడు లేడని తెలిసీ, తమ గుర్తు అక్కడ చెక్కించుకున్నారు.