తునకల బొంత: హెండర్సన్‌లో ఇచ్చేందుకే కుట్టే కుట్టు

న్యూజిలాండ్‌లో ఆక్లాండ్ మహానగరానికి పడమటి వైపున ఉన్న హెండర్సన్ ఒకప్పుడు ద్రాక్షతోటల ఊరు. లెబనాన్ నుంచి వలస వచ్చిన అసీద్ అబ్రహాం కోర్బన్ 1902లో ఇక్కడ భూమి కొని ప్రారంభించిన వైన్ తయారీ దేశమంతటా పేరు తెచ్చుకోగా, ఆ పాత ఆవరణ నేడు కోర్బన్ ఎస్టేట్ కళాకేంద్రంగా మారింది. పీపాలు దొర్లిన చోట ఇప్పుడు సూదీ కత్తెరా పనిచేస్తున్నాయి. ‘పసిఫికా మామాస్’ అనే పసిఫిక్ దీవుల పెద్ద స్త్రీలు అక్కడ తమ చేతిపనులను తరువాతి తరానికి అందిస్తున్నారు. ఆ పనులలో తివైవై ఒకటి. మిగిలిపోయిన బట్టముక్కలతో చిన్న చిన్న క్విల్టులు కుట్టి ఆసుపత్రులకూ ఆశ్రయ గృహాలకూ ఇచ్చే అలవాటు న్యూజిలాండ్‌లో పలుచోట్ల ఉన్నదే అయినా, ఆ పని విలువ తెలియడానికి ముందుగా తివైవైని చూడడం మేలు.

కుక్ దీవుల స్త్రీలు కలిసి కుట్టే పెద్ద పడక దుప్పటిని తివైవై అంటారు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల కుటుంబాల ద్వారా ఈ కుట్టు ఆ దీవులకు చేరిందని సాధారణంగా చెబుతారు. చలిదేశపు క్విల్టులో పైబట్టకూ అడుగుబట్టకూ నడుమ దూదో ఉన్నో పొరగా పరుస్తారు. వెచ్చని దీవులలో ఆ పొర అక్కరలేదు కనుక తివైవై ఎక్కువగా నింపు లేకుండానే తయారై, చలి కాచుకోవడానికంటే గౌరవం చూపడానికి పనికివస్తుంది. మడిచి కత్తిరించిన ఒకే బట్టను వేరే రంగు బట్టపై పరచి కుట్టేది మను. పూలనూ ఆకులనూ విడివిడిగా అమర్చి వాటిపై దారపుపని చేసేది తతౌర. చిన్న ముక్కలను వేలకొద్దీ కలిపి కుట్టేది తావొరేయి. ఈ చివరిదానిలో నమూనా అంతా తౌంగ అని పిలిచే నిపుణురాలి మనసులో ఉంటుంది. ఆమె ఒక్కొక్క వరుసకు కావలసిన ముక్కలను రంగుల క్రమం తప్పకుండా, పూలు గుచ్చినట్లు దారానికి గుచ్చి ఒక్కొక్కరికి అందిస్తే, కుట్టేవారు ఆ క్రమంలోనే ముక్కలు తీసి కలుపుకుంటూ పోతారు.

ఇంత శ్రమా చివరకు ఇచ్చివేయడానికే. పెళ్ళిలో వధూవరులకు తివైవై కప్పుతారు, చనిపోయినవారి దేహానికి చుడతారు. మగపిల్లవాడి జుట్టును మొదటిసారి కత్తిరించే వేడుకలో, మన పుట్టువెంట్రుకల వేడుకను తలపించేలా బంధువులంతా చేరినప్పుడు, వాడు కూర్చునే కుర్చీ మీద పరుస్తారు. ఇవ్వడానికే కుట్టే వస్తువులో కుట్టేవారు తమ మేలైన పనితనాన్ని పెట్టాలన్నది ఇక్కడ ఎవరూ పైకి చెప్పనవసరం లేని నియమం. మిగులు గుడ్డతో చేసే దానంలో మొదట జారిపోయేది ఈ నియమమే. గుడ్డ మిగిలినది కావచ్చు గానీ, పని మిగులు పని కాకూడదు.

కాబట్టి తునకల కుట్టు ఏరివేతతో మొదలవుతుంది. కాటన్‌తో కాటన్‌నే కలపాలి. ఏ గుడ్డో తేలనప్పుడు ఒక పోగు లాగి కాలిస్తే, కాటన్ కాగితం కాలిన వాసనతో మండి మెత్తని బూడిద అవుతుంది, పాలియెస్టర్ కరిగి గట్టి ఉండ కడుతుంది. ముదురు ఎరుపు, నీలం ముక్కలను ముందే ఉతికి రంగు దిగుతుందేమో చూడకపోతే, పక్కనున్న తెల్లముక్క మొదటి ఉతుకులోనే పాడవుతుంది. తరువాత ఇస్త్రీ, ఆపైన కత్తిరింపు. ముక్కలను కలిపేటప్పుడు కుట్టుకు అవతల పావు అంగుళం, అంటే సుమారు 6 మిల్లీమీటర్ల బట్ట వదలడం క్విల్టర్లు సాధారణంగా పాటించే కొలత. ఇందులో పొరపాటు ఎంత పెరుగుతుందో లెక్క వేస్తే తెలుస్తుంది: ఒక వరుసలో పది ముక్కలుంటే తొమ్మిది కుట్లు పడతాయి, ప్రతి కుట్టులోనూ అటూ ఇటూ ఒక్కొక్క మిల్లీమీటరు ఎక్కువ లోపలికి పోతే, వరుస మొత్తం మీద 18 మిల్లీమీటర్లు తగ్గి, సరిగా కుట్టిన పక్క వరుసతో మూలలు కలవవు. చిన్న బొంత సులువు అనుకునేవారు ఇక్కడే తడబడతారు, ఎందుకంటే పెద్ద దుప్పటిలో కలిసిపోయే వంకర చిన్నదానిలో కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది.

సన్నని పేలికలకు లాగ్ క్యాబిన్ పద్ధతి నప్పుతుంది. నడుమ ఒక చిన్న చదరం పెట్టి దాని చుట్టూ పట్టీలను ఒకదాని తరువాత ఒకటి కుడుతూ పోవడమే ఆ పద్ధతి. పొడవూ వెడల్పూ సరిపోలని ముక్కలకు మరో ఉపాయం ఉంది. చదరంగా కత్తిరించిన పలుచని కాగితం మీద ఐమూలగా పట్టీలు పరచి కాగితంతో సహా కుట్టి, అంచులు చదును చేశాక కాగితాన్ని చించేస్తారు. కుట్టు దగ్గర దగ్గరగా పడితేనే కాగితం సూది రంధ్రాల వెంట తేలికగా ఊడి వస్తుంది.

తెలుగు ఇళ్ళలోని బొంత మరో దారిలో నడుస్తుంది. అక్కడ కొలత కంటే మెత్తదనం ముఖ్యం. ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి నలిగిన నూలు చీరలను పొరలుగా పరచి, కచ్చా కుట్టు వేసి కదలకుండా నిలిపి, లావు దారంతో వరుసలుగా కుట్టుకుంటూ పోతారు. పసిబిడ్డల ఒంటికి ఒరుసుకోదనే పాత చీరను ఏరుకుంటారు. ఉత్తర కర్ణాటకలోని సిద్దీ స్త్రీలు కుట్టే కవంద్‌లో, పైబట్ట మీద ముక్కలను అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడుమకు చేరతారు. ఈ రెండు పద్ధతులలోనూ కలపడమూ పొరలను పట్టించడమూ ఒకే కుట్టులో జరిగిపోతాయి. పనిలోని పొదుపు ఇలాంటిచోటనే తెలుస్తుంది.

అయితే ఆసుపత్రికి వెళ్ళే బొంతకు ఇంటి బొంతకు లేని షరతులు ఉంటాయి. హెండర్సన్‌లోని లింకన్ రోడ్డు మీద ఉన్న వైటాకెరే ఆసుపత్రిలో పుట్టగానే ప్రత్యేక సంరక్షణ అవసరమైన శిశువుల విభాగం ఉంది. ఇలాంటి విభాగాలలో చిన్న క్విల్టు బిడ్డ మీద కప్పడానికి కాక, వెలుతురు తగలకుండా ఇంక్యుబేటర్ మీద వేయడానికి ఉపయోగపడుతుంది. పసిబిడ్డ నిద్రపోయేచోట వదులు దుప్పట్లు, దిండ్లు ఉంచకూడదని వైద్యులు చెబుతారు; దాతకు ముచ్చటగా తోచే పూసలు, బొత్తాలు, రిబ్బన్లు కూడా అక్కడికి పనికిరావు. వేడినీటి ఉతుకుకు ముడుచుకుపోయే ఉన్ని నింపు కూడా, గొర్రెలకు పేరుపడిన దేశంలో సైతం, దానపు బొంతకు సరైన ఎంపిక కాదు; కాటన్ లేదా పాలియెస్టర్ పొరే నిలుస్తుంది. మతిమరుపు వ్యాధితో చేతులు ఊరకుండలేని వృద్ధులకు మాత్రం ఇదంతా తలకిందులవుతుంది. వారి ఒడి బొంతకు జిప్పు, లాగినా ఊడని బొత్తాం, వెల్వెట్ ముక్క, లోపల చేయి పెట్టే జేబు కావాలి.

ఏరివేతలో తప్పుకున్నవాటిని కూడా పారవేయనవసరం లేదు. సాగే బనియను గుడ్డ, కరిగే పాలియెస్టర్, కుట్టుకు అందని పేలికలు, వీటన్నిటినీ సన్నగా తరిగి గట్టి బట్ట సంచీలో నింపి నాలుగువైపులా కుడితే జంతు సంరక్షణ కేంద్రాలలో కుక్కలకు పడక అవుతుంది. అక్కడ పావు అంగుళం కొలత ఎవరూ చూడరు గానీ, సూదులూ గుండుసూదులూ లోపల మిగలలేదని ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి.