పైటచాటు ఊపిరి

అక్టోబరు వచ్చిందంటే హైదరాబాదుకు గులాబీ జ్వరం పట్టుకుంటుంది. చార్మినార్ మీద గులాబీ దీపాలు, తార్నాక కూడలిలో ఫ్లెక్సీలు, ఉస్మానియా రోడ్ల మీద పొద్దుటి నడకలు, ఉచిత టోపీలు. దీపాల మీద నాకు కోపం లేదు. ఈ వారం నన్ను విసిగించింది ఆ ఫ్లెక్సీల భాష. రిబ్బను ఉంటుంది, పువ్వు ఉంటుంది, నవ్వుతున్న ముఖం ఉంటుంది. ‘రొమ్ము’ అనే మాట మాత్రం కనబడదు. ‘మహిళల క్యాన్సర్’ అని దాటేస్తారు. పేరు పలకడానికే నోరు రాని అవయవాన్ని నెలనెలా చేత్తో తడిమి చూసుకోమని సలహా ఇవ్వడానికి ఎంత ధైర్యం కావాలి! ఈ కాలమ్ పాఠకులకు నా పాత పాట తెలిసిందే: మన ఒళ్లు మన చేతికి తెలియాలి, ఆడవాళ్ల ఆరోగ్యానికి మొదటి శత్రువు సిగ్గు. ఆ పాటే మరో చరణం అందుకుందామని మొదలుపెట్టాను.

సిగ్గు ఫ్లెక్సీ దగ్గరే ఆగితే పెద్ద చిక్కు లేదు. అది తెల్లకోటు తొడుక్కుని వార్డులోకి కూడా వస్తుంది. నర్సింగ్ విద్యార్థులు శరీర పరీక్షకు నాలుగు మెట్లు వల్లిస్తారు. చూడటం, తాకడం, తట్టడం, వినడం. క్లాసులో ఐ.పి.పి.ఎ. అంటారు. 2021లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ తెచ్చిన కొత్త బీఎస్సీ సిలబస్‌లో ఆరోగ్య పరీక్షకు విడిగా ఒక పాఠ్యభాగమే ఉంది. అందులో ఊపిరితిత్తులు ఒక పాఠం, రొమ్ములు ఇంకో పాఠం. పుస్తకంలో రెండు పాఠాలే కానీ ఒంటి మీద ఆ రెండిటిదీ ఒకే చోటు. కుడి ఊపిరితిత్తికి మూడు తమ్మెలు, ఎడమదానికి రెండు. కుడివైపు మధ్య తమ్మె వీపు మీద వినబడదు. ముందువైపు, చంక కిందుగా వినాలి. ఆడమనిషిలో ఆ చోటు సరిగ్గా కుడి రొమ్ము కింద ఉంటుంది. దాన్ని వినాలంటే, “అమ్మా, ఒక్కసారి రొమ్ము పైకెత్తి పట్టుకోండి” అని అడగాలి, లేదా నర్సే చేతి వెనక భాగంతో మెల్లగా పైకి జరిపి స్టెతస్కోపును చర్మానికి ఆనించాలి. ఆ మాట నోరు దాటదు. జాకెట్టు మీదో నైటీ మీదో, వీపున రెండు చోట్ల ఆనించి “బాగానే ఉంది” అనేస్తారు. బట్ట రాపిడి శబ్దం నెమ్ము పట్టిన ఊపిరితిత్తిలో వినబడే చిటపటలాగే ఉంటుంది కాబట్టి, ఉన్నది వినబడక లేనిది వినబడే రెండు ప్రమాదాలూ అక్కడున్నాయి. రొమ్ము పరీక్ష ఎగ్గొట్టడానికి వచ్చిన సిగ్గు, పోతూపోతూ ఒక తమ్మెను కూడా వెంట తీసుకుపోతుంది.

ఇది పుస్తకాల మనుషుల చాదస్తం అనుకునేవాళ్లుంటారు. ఎక్స్‌రే ఉంది, స్కాన్ ఉంది, వేలి కొసకు తగిలించే ఆక్సిమీటరు ఉంది, ఇంకా ఈ తట్టడాలూ వినడాలూ ఎందుకంటారు. జవాబు మన పల్లె ఏఎన్ఎం దగ్గరే ఉంది. పసిబిడ్డకు నెమ్ము చేసిందో లేదో తేల్చడానికి ఆమె మొదట చూసేవి రెండు: డొక్కలు ఎగరేస్తున్నాడా, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడు. రెండు నెలల్లోపు బిడ్డకు 60, ఏడాదిలోపు 50, ఆపైన అయిదేళ్ల దాకా 40, అంతకు చేరితే ప్రమాదం. ఖర్చు లేదు, కరెంటు అక్కర్లేదు, చేతిగడియారం చాలు. పెద్దల వార్డుకు వచ్చేసరికి ఆ లెక్కే అందరికన్నా నిర్లక్ష్యానికి గురైన లెక్క. నాడి, బీపీ, జ్వరం మిషన్లు చెబుతాయి. ఊపిరిని మాత్రం మనిషే లెక్కపెట్టాలి. అందుకని చార్టు నిండా 18, 20, 18, 20. వార్డంతా ఒకే తాళానికి ఊపిరి తీస్తున్నట్టు ఉంటుంది. అనుభవమున్న సిస్టర్లు ఒక చిట్కా వాడతారు: నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని, కన్ను మాత్రం ఛాతీ మీద ఉంచుతారు. లెక్కపెడుతున్నారని తెలిస్తే ఎవరి ఊపిరైనా తీరు మార్చుకుంటుంది. ఇదొక విద్య. మిషనుకు ఈ మాత్రం లౌక్యం లేదు.

ఇక్కడిదాకా వచ్చాక సిగ్గుకు శిక్ష వేసి కాలమ్ ముగించొచ్చు. అడ్డం వచ్చిందల్లా ఆ స్టెతస్కోపు పుట్టుక. అంతకుముందు ఛాతీని తట్టి చూసే విద్యను 1761లో ఆస్ట్రియా వైద్యుడు ఔఎన్‌బ్రుగ్గర్ పుస్తకానికెక్కించాడు. ఆయన తండ్రికి సత్రం ఉండేది. పీపాలో ద్రాక్షసారాయి ఎంతుందో తట్టి తెలుసుకోవడం ఆ ఇంటి విద్య. మనవాళ్లు కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తారే, అదే. ఇక వినడమంటే రోగి ఛాతీకి వైద్యుడు చెవి ఆనించడమే. 1816లో పారిస్‌లోని నెక్కర్ ఆసుపత్రి వైద్యుడు లెనెక్ దగ్గరికి గుండెజబ్బు లక్షణాలతో ఒక యువతి వచ్చింది. ఒళ్లు చేసిన మనిషి కావడంతో తట్టినా తాకినా ఏమీ తేలలేదు. చెవి ఆనించి విందామంటే ఆమె వయసూ ఆడతనమూ అడ్డొచ్చాయి. దూలం ఒక కొసన గుండుసూదితో గీకితే రెండో కొసన చెవి పెట్టినవాడికి స్పష్టంగా వినబడుతుందన్న సంగతి ఆయనకు గుర్తొచ్చింది. కాగితాల దస్తాను గట్టిగా చుట్టి, ఒక కొసను ఆమె ఛాతీకీ రెండో కొసను తన చెవికీ ఆనించాడు. చెవి ఆనించి విన్నదానికన్నా బాగా వినబడింది. తర్వాత ఆ గొట్టాన్ని కర్రతో చేయించాడు, విన్న శబ్దాలకు పేర్లు పెట్టాడు, 1819లో గ్రంథం రాశాడు. మనం పిల్లికూతలనీ గురగురలనీ చెప్పుకునే శబ్దాలను శాస్త్రం వేరుచేసి గుర్తుపట్టడం అక్కడే మొదలైంది. ఆ లెనెక్ 1826లో క్షయతోనే పోయాడు, 45 ఏళ్లకు.

కాబట్టి వైద్యుల మెడలో వేలాడే ఆ గొట్టం సిగ్గు పెట్టిన భిక్ష. ఆ సిగ్గు పరీక్షను ఆపలేదు, వేరే దారి వెతకమంది. లెనెక్ దాన్ని మూర్ఖత్వమని తిట్టి పక్కన పెట్టలేదు. పరీక్షకున్న షరతుల్లో ఒకటిగా లెక్కలోకి తీసుకున్నాడు. మన వార్డులో జరిగేది దీనికి తలకిందులు. సిగ్గుకు దారి చూపకుండా, పని తప్పించుకోవడానికి దాన్నే సాకుగా వాడుకుంటున్నాం. మర్యాదగా పరీక్ష చేసే పద్ధతి నర్సింగ్ పుస్తకాల్లో ఎప్పుడో ఉంది: తెర లాగాలి, చేతులు రుద్దుకుని వెచ్చజేసుకోవాలి, ఏం చేయబోతున్నామో ముందే చెప్పాలి, ఒకవైపు చూసేటప్పుడు రెండోవైపు దుప్పటి కప్పి ఉంచాలి, చూసేది మగ నర్సయితే పక్కన ఇంకో ఆడమనిషి ఉండాలి. ఇవన్నీ మర్యాదలే కాదు, పరీక్షలో భాగాలు. చల్లటి చేయి తగిలితే కండరం బిగుసుకుంటుంది, బిగుసుకున్న చోట గడ్డ దొరకదు. రొమ్ము పరీక్షలో మూడు వేళ్ల మెత్తటి భాగంతో చిన్నచిన్న సున్నాలు చుడుతూ, ప్రతి చోటా పైపైన, మధ్యస్థంగా, లోతుగా మూడు ఒత్తిళ్లు ఇస్తూ, కాలర్ ఎముక నుంచి రొమ్ము కింది మడత దాకా నిలువుగా, దుక్కిలో చాలు తప్పనట్టు వెళ్లాలి. చంకలో గ్రంథులు చూడాలి. పద్ధతిగా చేస్తే ఒక్కో వైపు మూడు నిమిషాలు పడుతుంది. దానికి ఊపిరితిత్తులు వినే సమయం కలుపుకోండి. ఒక్క నర్సుకు ముప్పై నలభై మంచాలు అప్పగించిన చోట ఈ నిమిషాలు ఎక్కడ దొరుకుతాయి? చీర మీద ఏప్రన్ తొడుక్కుని రోజంతా డీజిలు పొగలో నిలబడే బస్సు కండక్టరమ్మ ఏ ఆసుపత్రికి వెళ్లినా, దగ్గుకొక గది, గడ్డకొక గది తిరగాల్సి వస్తుంది. తెర ఉన్న గది ఒక్కటి ఉంటే ఆమెకు రెండు పరీక్షలూ ఒకేసారి అయిపోతాయి.

అయితే ఆమే ఇంట్లో చూసుకోవచ్చు కదా అంటారు. నా పాత పాట అదే కాబట్టి లెక్క నేనే అప్పజెప్పాలి. ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో పనిచేసిన అన్వేషి పరిశోధన కేంద్రం మహిళలూ, తార్నాక జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్త వీణా శత్రుఘ్న లాంటివారూ ఆడవాళ్ల ఒంటి సంగతులను ఆడవాళ్ల మాటల్లోకి తెచ్చారు. తెలుగులో ‘సవాలక్ష సందేహాలు’, ఇంగ్లిషులో 2004లో వీణా గీతా రామస్వామీ శ్రీవిద్యా నటరాజన్ కలిసి తెచ్చిన పుస్తకం ఆ కృషి ఫలాలే. వాటి విలువ తగ్గేది కాదు. కానీ తెలుసుకోవడం వేరు, నెలనెలా తడిమి చూసుకునే డ్రిల్లు వేరు. షాంఘైలో 2,66,064 మంది బట్టల మిల్లు కార్మికురాళ్లను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు స్వయంపరీక్ష శ్రద్ధగా నేర్పి పదేళ్లకు పైగా గమనించారు. 2002లో ఫలితం అచ్చయింది: నేర్చుకున్న జట్టులో రొమ్ము క్యాన్సర్ చావులు 135, నేర్చుకోని జట్టులో 131. ప్రమాదం లేని గడ్డలకు కోతలు మాత్రం నేర్చుకున్నవాళ్లకే ఎక్కువ. నా పాటలో సగం అక్కడ శ్రుతి తప్పింది. తన రొమ్ము మామూలుగా ఎలా ఉంటుందో తెలిసి, తేడా కనబడితే వెంటనే వచ్చే మనిషి కావాలి. వచ్చాక చూసే నేర్పరి చేయి కూడా కావాలి.

ఆ చేతి గురించిన సాక్ష్యం ముంబయి నుంచి వచ్చింది. టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్లు 1998లో మొదలుపెట్టి, 35 నుంచి 64 ఏళ్ల మహిళలు లక్షన్నర మందిని ఇరవయ్యేళ్లు గమనించారు. రెండేళ్లకోసారి రొమ్ములు పరీక్షించింది డాక్టర్లు కారు, తర్ఫీదు పొందిన మహిళా ఆరోగ్య కార్యకర్తలు. ముదిరిన దశలో బయటపడే క్యాన్సర్లు తగ్గాయి; 50 దాటినవాళ్లలో చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. పేచీ పెట్టేవాళ్లకూ అందులో సరుకుంది. అన్ని వయసులూ కలిపి చూస్తే తగ్గుదల 15 శాతమే, అదీ గణాంకాల పరీక్షకు నిలవలేదు. 50 లోపు వాళ్లకు లాభం కనబడలేదు, మన దేశంలో చిన్న వయసులో ఈ జబ్బు పడేవాళ్లు తక్కువేమీ లేరు. ఒప్పుకుంటాను. కానీ ఆ మేలు చేసిన చేతులు ఎవరివి? మామోగ్రామ్ మిషన్లు చేరని ఇళ్లకు చేరిన చేతులవి. 2016 నుంచి కేంద్ర ప్రభుత్వ నిబంధనలు కూడా 30 దాటిన మహిళలకు అయిదేళ్లకోసారి ఇలాంటి పరీక్షే చేయమంటున్నాయి. ఆచరణ సంగతి 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది: దేశంలో 30–49 ఏళ్ల మహిళల్లో ఒక్కసారైనా రొమ్ము పరీక్ష జరిగినవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు.

వాళ్లందరికీ సిగ్గే అడ్డమొచ్చిందంటే నేనిప్పుడు నమ్మను. అడిగినవాళ్లు లేరు, అడిగిన చోట తెర లేదు. తార్నాకలో ఆర్టీసీ ఆసుపత్రి ఆవరణలోనే నర్సింగ్ కళాశాల ఉంది. ఈ విద్య నేర్చుకునే పిల్లలు మన పక్క వీధిలోనే ఉన్నారు. వాళ్లకు కావలసింది మంచానికొక తెర, మనిషికి పది నిమిషాలు, “ఇక్కడ గడ్డ తగిలింది సార్” అంటే కొట్టిపారేయకుండా అదే వారం పైపరీక్షకు పంపే డాక్టరు. తెర సంగతి నాకొదిలేయండి. నవంబరు వచ్చాక ఆ గులాబీ ఫ్లెక్సీలు ఎటూ చెత్తబండి ఎక్కేవే. ఒక్కోటి రెండు మంచాల మధ్య అడ్డంగా కట్టడానికి సరిగ్గా సరిపోతుంది. ఆ నవ్వుతున్న ముఖాన్ని ఏ మంచం వైపు తిప్పాలో మాత్రం సిస్టర్లే తేల్చుకోవాలి.