గేలం మారింది, హెచ్చరిక మారలేదు

కొల్లేటిలో గేలం వేసేవాడు తనకు నచ్చిన ఎరను కాదు, చేపకు నచ్చిన ఎరను గుచ్చుతాడు. 1990ల నడుమ అమెరికాలో కొందరు మోసగాళ్లు దొంగ జాబులు పంపి 'అమెరికా ఆన్‌లైన్' ఖాతాదారుల పాస్‌వర్డులను లాగారు. ఆ మోసానికి 'ఫిషింగ్' అని పేరు వచ్చింది. చేపల వేట అనే ఇంగ్లీషు మాటలో మొదటి అక్షరాన్ని తీసివేసి పి, హెచ్ అనే రెండక్షరాలు పెట్టారు, అంతే. ఆ పేరు ఎంత తగినదో లంక గ్రామాల పిల్లలకు విడమరచి చెప్పనక్కరలేదు.

ఈ మోసాలను గురించి రిజర్వు బ్యాంకు 2022లో రెండు చిన్న పుస్తకాలు వెలువరించింది. ఒకటి 'బి అవేర్', రెండవది 'రాజు అండ్ ది ఫార్టీ థీవ్స్'. రెండవ దానిలో రాజు అనే అమాయకుడు నలభై విధాలుగా మోసపోతాడు. ప్రతి మోసమూ ఒక చిన్న కథ, కథకు బొమ్మలు, చివర జాగ్రత్తలు. ఏలూరులోగాని తాడేపల్లిగూడెంలోగాని ఏ ఉపాధ్యాయుడైనా తరగతిలో వీటిని చదివి వినిపించవచ్చు, పిల్లలు విసుగు లేకుండా వింటారు. ఉపదేశాల కంటే కథలు మేలన్న సంగతిని ప్రభుత్వ సంస్థ ఒకటి గ్రహించడం సంతోషించదగినదే.

కాని నలభై ఎత్తులు తెలిసినవానికి నలభై ఒకటవది తెలియదు. లోపం ఇక్కడ ఉన్నది. ఎత్తులను వర్ణించినంత వివరంగా, ఆ ఎత్తులు సాగడానికి వీలిచ్చే యంత్రాంగాన్ని ఈ పుస్తకాలు వివరించవు. ఇతరుల పేరుతో ఈమెయిలు పంపడం అసలు ఎలా సాధ్యమయింది? ఈ ప్రశ్నకు సమాధానం తెలిస్తే సగం గేలాలు కంటికి కనబడతాయి.

ఈమెయిలు చేరవేతకు 1982లో ఏర్పరచిన నియమావళిలో, పంపినవాడెవడో తనిఖీ చేసే ఏర్పాటు లేదు. పోస్టు డబ్బాలో వేసే కవరు వంటిదే అది. కవరు వెనుక 'కలెక్టరు, ఏలూరు' అని ఎవరైనా వ్రాయవచ్చు, డబ్బా అడ్డు చెప్పదు. తరువాతి కాలంలో జాబు ఏ చిరునామా నుండి బయలుదేరిందో పరీక్షించే పద్ధతులు వచ్చాయి. పెద్ద సంస్థలు వాటిని వాడుతున్నవి. అయినా మోసగాడు బ్యాంకు పేరును పోలిన మరొక చిరునామాను డబ్బిచ్చి సొంతం చేసుకొంటే, దాని నుండి వచ్చే జాబు ఈ పరీక్షలన్నిటిలోనూ ఉత్తీర్ణమవుతుంది.

ఇక చాలాచోట్ల వినిపించే సలహా మరొకటి: జాబులో అక్షరదోషాలుంటే అనుమానించండి. ఒకప్పుడు ఇది మంచి సలహాయే. 2022 చివర చాట్‌జీపీటీ వచ్చిన తరువాత తప్పులేని జాబు వ్రాయించుకోవడం ఎవరికైనా సులువయింది. ఇప్పుడు ఈ సలహాను నమ్మిన విద్యార్థి, భాష శుద్ధంగా ఉన్న దొంగ జాబును సైతం నమ్మివేస్తాడు. సలహాయే ఎరగా మారిందన్నమాట! తాళం గుర్తు సంగతీ ఇంతే. దారిలో ఇతరులు మాటలు వినకుండా ఆ తాళం కాపాడుతుంది గాని, అవతలి కొసన ఉన్నది బ్యాంకో దొంగో చెప్పదు.

మరి నమ్మదగిన గుర్తు ఏది? చిరునామాను కుడి నుండి చదవడం. 'గుడివాకలంక, ఏలూరు మండలం, ఏలూరు జిల్లా' అన్న చిరునామాలో పెద్ద ప్రాంతం చివర ఉంటుంది. వెబ్‌సైటు చిరునామాలోనూ అంతే. మొదటి ఒంటి ఏటవాలు గీతకు ముందున్న భాగాన్ని తీసుకొని దాని కుడి కొసను చూడాలి. 'స్కాలర్‌షిప్.గవ్.ఇన్.ఫారం-లాగిన్.కామ్' అని ఉన్నదనుకొందాం. నడుమ 'గవ్.ఇన్' కనబడినా అది ప్రభుత్వానిది కాదు, 'ఫారం-లాగిన్.కామ్' అనే పేరు ఎవరిదో వారిది. రిజర్వు బ్యాంకు 2025లో బ్యాంకులన్నీ 'బ్యాంక్.ఇన్' అనే కొసకు మారాలని ఆదేశించి, అక్టోబరు 31ని గడువుగా పెట్టింది. ఆ పేర్లను నమోదు చేసే పని హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీకి అప్పగించింది. ఎవరు పడితే వారు కొనలేని కొస అది. ఏ కథ కంటే కూడా పనికివచ్చే సంగతి ఇది.

బాధ్యత ఎవరిదన్న ప్రశ్న మిగిలి ఉన్నది. 'మీ భద్రత మీ చేతిలో' అనడం సగం నిజం. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఉత్తర్వు ఈ భారాన్ని పంచింది. ఖాతాదారుడే రహస్య సంఖ్యను ఇతరులకు చెప్పి నష్టపోతే, బ్యాంకుకు తెలియజేసేవరకు జరిగిన నష్టం అతనిది, తెలియజేసిన తరువాతది బ్యాంకుది. తప్పు ఇద్దరిదీ కాక వేరొకచోట ఉన్నప్పుడు, బ్యాంకు నుండి సమాచారం అందిన మూడు పనిదినాలలోపల చెబితే అతనికి నష్టమే లేదు. అంటే పోయిన వెంటనే నోరు విప్పడమే బాధ్యతలో పెద్ద భాగం. చెరువు పట్టి అమ్మిన డబ్బు ఖాతాలో పడిన మరునాడే ఒక రైతు దొంగ జాబుకు చిక్కాడనుకొందాం. నలుగురూ నవ్వుతారని రెండు రోజులు దాచితే, ఆ రెండు రోజులలో డబ్బు పది ఖాతాలు మారుతుంది. వెంటనే 1930కి ఫోను చేస్తే దారిలోనే నిలిపే అవకాశం ఉన్నది. కథలో రాజును చూసి నవ్వే తరగతిలో, ఇంట్లో అటువంటి నష్టమే జరిగిన పిల్లవాడు ఉంటే వాడు నోరు తెరవడు. ఉపాధ్యాయుడు గమనించవలసిన చిక్కు ఇది.

ఈ పుస్తకాలు మరల అచ్చు వేసేటప్పుడు చిరునామా చదివే పద్ధతికి ఒక్క పుట కేటాయిస్తే చాలును. రాజు బొమ్మలలో రెండు తగ్గినా ఎవరూ బాధపడరు.