ఎన్నాళ్లు రాయాలండీ?

ముఖం మీద ఎగ్జిమా ఉన్నవాళ్లకు చీటీ రాసివ్వగానే వచ్చే ప్రశ్న ఇదే. ఏళ్ల తరబడి రాయాల్సి రావచ్చని చెప్పడానికి నాకు మొహమాటం లేదు. తగ్గినట్టే తగ్గి తిరగబెట్టే జబ్బు అది. వైద్యం ఏళ్లకేళ్లు సాగినా ఫరవాలేదు, స్టెరాయిడ్ ట్యూబు మాత్రం అలా సాగకూడదు. ఈ తేడా ఓపిగ్గా విప్పి చెప్పడమే చర్మవైద్యుడి పనిలో సగం అని నా నమ్మకం.

కొత్తగా వచ్చినవాళ్లను ఇంట్లో ఉన్న ట్యూబులన్నీ తెమ్మంటాను. సంచి బల్ల మీద బోర్లిస్తే బీటామెథాసోన్, క్లోబెటాసాల్, మొమెటాసోన్ వరసగా పడతాయి. కొన్నింట్లో స్టెరాయిడ్‌కి ఫంగస్ మందు, యాంటీబయోటిక్ కలిపి ఉంటాయి. రంగు తేలడానికని కొన్న క్రీములో కూడా మొమెటాసోన్ కనిపిస్తుంది.

"ఇది ఎవరు రాశారమ్మా?"

"మా తోటికోడలు వాడుతుందండి, ఆవిడకి తగ్గింది."

"ఇది?"

"షాపతను ఇచ్చాడండి."

ఇవి ఒక్క ఊళ్లో వినే జవాబులు కావు. మన దేశంలో 12 చర్మవైద్య కేంద్రాల్లో జరిపిన ఒక అధ్యయనం 2011లో వెలువడింది. ముఖచర్మ సమస్యలతో వచ్చిన 2926 మందిని చూస్తే 433 మంది ముఖానికి స్టెరాయిడ్ రాస్తున్నారు. వాళ్లలో సగానికి పైగా డాక్టరు కానివాళ్లు చెబితే మొదలుపెట్టినవాళ్లే. 2018లో కేంద్రం చాలా స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా అమ్ముతూనే ఉన్నారు. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది.

ఎందుకంటే ముఖం చేతిలాంటిది కాదు. ముంజేతి మీద రాసిన హైడ్రోకార్టిసోన్ ఎంత లోపలికి ఇంకుతుందో కొలిచి, దానితో పోల్చి చూస్తే నుదుటి దగ్గర 6 రెట్లు, దవడ మూల దగ్గర 13 రెట్లు ఇంకుతుందని 1967లోనే తేల్చారు. కనురెప్పల చర్మం ఇంకా పలచన. అలాంటి చోట క్లోబెటాసాల్ రాస్తే మొదటి మూడు రోజులు అద్భుతంగా ఉంటుంది. దురద పోతుంది, ఎరుపు పోతుంది. మానేయగానే మంట, మునుపటి కంటే ఎక్కువ ఎరుపు. మళ్లీ రాస్తారు, మళ్లీ చల్లబడుతుంది. నెలలు గడిచేసరికి చర్మం పలచబడి సన్నటి ఎర్ర నరాలు తేలతాయి, మొటిమలు లేస్తాయి, ఆడపిల్లల చెంపల మీద నూగు మొలుస్తుంది. అప్పటికి అసలు ఎగ్జిమా ఏదో, మందు చేసిన గాయం ఏదో విడదీయడం కష్టం.

అలాగని స్టెరాయిడ్‌ని శత్రువుగా చూడొద్దు. 1952లో హైడ్రోకార్టిసోన్ పూత వచ్చేదాకా ఈ రోగులకు తారు, జింకు లేపనాలే దిక్కు. ముఖం రసి కారుతూ రేగినప్పుడు తక్కువ బలం ఉన్న స్టెరాయిడ్‌ని కొద్ది రోజులు రాయమని నేనూ చెబుతాను. చూపుడు వేలి చివరి గీత నుంచి కొస దాకా పిండితే దాదాపు అర గ్రాము. పెద్దవాళ్ల ముఖానికీ మెడకూ కలిపి అలాంటివి రెండున్నర చాలు. స్టెరాయిడ్ అన్న మాటకే భయపడి ఏమీ రాయని తల్లిదండ్రులూ వస్తుంటారు. ఆ పిల్లలు రాత్రంతా గోక్కుని, నిద్ర లేక, బడిలో కునికిపాట్లు పడుతుంటారు. వైద్యం చేయకపోవడం కూడా హానే.

రేగింది చల్లబడ్డాక దీర్ఘకాలానికి నేను ఎక్కువగా నమ్మేది టాక్రోలిమస్. 1984లో జపాన్‌లోని సుకుబా మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి తీసిన మందు. మొదట అవయవ మార్పిడి రోగులకు వాడారు. 2000 చివర్లో అమెరికాలో ఆయింట్‌మెంట్‌గా అనుమతి వచ్చింది. ఇది చర్మాన్ని పలచబరచదు. రెండేళ్లు దాటిన పిల్లలకు 0.03 శాతం, పెద్దలకు 0.1 శాతం. ఎగ్జిమా తగ్గాక కూడా, ఎప్పుడూ తిరగబెట్టే చోట్ల వారానికి రెండుసార్లు రాస్తుంటే మళ్లీ రేగడం తగ్గుతుంది. మొదటి వారం మండుతుంది. ఆ సంగతి ముందే చెప్పకపోతే రెండో రోజే ట్యూబు అటకెక్కుతుంది. మద్యం తాగేవాళ్లకు ముఖం ఎర్రబడి వేడెక్కవచ్చు, అదీ చెప్పాలి.

అసలు చిక్కు డబ్బాలోని కాగితంతో. "ఇందులో క్యాన్సరని రాసుందండీ" అని ఏ తల్లైనా అడిగితే విసుక్కోకూడదు. చదివి అడిగింది కదా! ఆ హెచ్చరిక 2006లో అమెరికా ఔషధ సంస్థ పెట్టించింది. నోటి ద్వారా పెద్ద మోతాదులో తీసుకున్న అవయవ మార్పిడి రోగుల అనుభవం, జంతువుల మీద ప్రయోగాలు, పూత వాడినవాళ్లలో అక్కడక్కడ వచ్చిన కేసులు దానికి ఆధారం. చర్మం మీద పలచగా రాస్తే రక్తంలోకి చేరేది చాలా తక్కువ, చర్మం మానేకొద్దీ అది ఇంకా తగ్గుతుంది. తర్వాత టాక్రోలిమస్ వాడిన దాదాపు 8 వేల మంది పిల్లలను 10 ఏళ్ల పాటు గమనించేందుకు తలపెట్టిన అధ్యయనం ఫలితాలు 2020లో వచ్చాయి. వాళ్లలో క్యాన్సర్ వచ్చింది ఆరుగురికి. ఆ వయసు పిల్లల్లో మామూలుగా ఊహించే సంఖ్య కూడా దాదాపు అంతే. లింఫోమా ఒక్కటీ లేదు. అరుదైన జబ్బు విషయంలో ఏ అధ్యయనమూ నూటికి నూరు శాతం హామీ ఇవ్వలేదని కూడా ఆ తల్లికి చెబుతాను. అయినా నా ఇంటి బిడ్డకైతే నిశ్చింతగా రాస్తాను.

సబ్బు తగ్గించాలి, సున్నిపిండితో రుద్దడం, నిమ్మరసం పూయడం మానాలి, మాయిశ్చరైజర్ మాత్రం రోజూ ఉండాలి. ముఖం మీద హెర్పిస్ నీటిపొక్కులు కనిపిస్తే టాక్రోలిమస్ ఆపి నాకు చూపించాలి. ఎండలోకి వెళ్తే గొడుగో, టోపీయో తప్పదు. కనురెప్పల మీద నెలల తరబడి స్టెరాయిడ్ రాసినవాళ్లయితే చర్మం బాగున్నా సరే, కంటి ఒత్తిడి చూపించుకోమని కళ్ల డాక్టరు దగ్గరికి పంపుతాను. గ్లకోమా నొప్పి లేకుండానే ముదురుతుంది.