ఎండా మన్నూ

"తింటోంది అంకుల్, కానీ ఎదగట్లేదు." డాలస్ చుట్టుపక్కల మన ఇళ్లలో సవానా ఉడుముని పెంచే కుర్రాళ్లు నా దగ్గరికొచ్చి అనే మొదటి మాట ఇదే. ఆ వెంటనే ఏం పెడుతున్నారో, ఎన్నిసార్లు పెడుతున్నారో, ఏ కాల్షియం పొడి కొన్నారో గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తారు. నేను అడిగేది వేరు. దీపం కింద రాయి ఎంత వేడెక్కుతోంది? అద్దానికి అంటించిన గుండ్రటి థర్మామీటరు చూసి చెబుతారు. అది గాలి సంగతే చెబుతుంది, రాయి సంగతి దానికి తెలియదు.

ఉడుము తన వేడి తాను పుట్టించుకోలేదు. బయటి నుంచి తెచ్చుకోవాలి. ఒళ్లు 36, 38 డిగ్రీల దాకా కాగితేనే తిన్నది అరుగుతుంది, అరిగితేనే మళ్లీ ఆకలి పుడుతుంది. ఆ వేడి అందని పిల్ల ఆశగా నాలుగు పురుగులు మింగి, వాటిని అరిగించుకోలేక రోజులకు రోజులు మగతగా పడుకుంటుంది. దానికి ఇంకాస్త తిండి పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు.

దీపం కింది రాయి 55, 60 డిగ్రీలు ఉండాలంటే తల్లిదండ్రులు ఉలిక్కిపడతారు. కాలిపోదా అంటారు. కాలదు, తప్పుకునే చోటుంటే. కాసేపు పరుచుకుని పడుకుని, ఒళ్లు కాగగానే లేచి, 25 డిగ్రీలుండే చల్లటి కొసకు వెళ్లిపోతుంది. ఈ రెండు కొసలూ ఉండాలంటే పెట్టె పెద్దది కావాలి. చేపల తొట్టెలాంటి అద్దాల పెట్టెలో పెడితే మొత్తం కాగుతుంది, లేదా మొత్తం చల్లారుతుంది. ఎంచుకునే వీలు ఆ పిల్లకుండదు. అసలు లోపం నాకు కనిపించేది అక్కడే.

దీపం విషయంలోనూ జాగ్రత్త కావాలి. సన్నగా గురిపెట్టే ఒక్క బల్బు వీపు మీద రూపాయి బిళ్లంత మేర మాడుస్తుంది, తోకా కాళ్లూ చల్లగానే ఉంటాయి. వెలుగు పరిచే హాలోజన్ బల్బులు రెండో మూడో పక్కపక్కన బిగిస్తే ముక్కు నుంచి తోక మొదలు దాకా సమంగా కాగుతుంది. గురిపెట్టి నొక్కితే ఉపరితలం వేడి చూపించే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు గన్ ఒకటి కొనుక్కోమంటాను. అది లేకుండా ఉడుముని పెంచడం చీకట్లో తడుముకోవడమే. ఆ బల్బుల కింద చెక్కపలకలు ఒకదాని మీద ఒకటి, మధ్యలో సందులొదిలి పేర్చే పద్ధతిని అమెరికాలో ఉడుములు పెంచిన ఫ్రాంక్ రెటెస్ పేరుతో పిలుస్తారు. పై సందు బాగా వేడి, కిందికి వెళ్లేకొద్దీ చల్లన. వీపుకీ పొట్టకీ చెక్క తగిలేలా ఇరుక్కుని పడుకుంటే దానికి భయం తీరుతుంది. దాక్కోవాలా, వెచ్చబడాలా అన్న పెనుగులాట ఉండదు. ఇంత చవకైన, ఇంత తెలివైన ఏర్పాటు ఈ పెంపకంలో నాకు ఇంకొకటి కనపడలేదు.

ఇక మన్ను. ఈ పిల్లల్ని ఎక్కువగా ఘానా, టోగో, బెనిన్‌ల నుంచి ఓడల్లోనో విమానాల్లోనో తెచ్చి అమ్ముతారు. డేనియల్ బెన్నెట్ అనే ఆయన ఘానాలో వీటి బతుకు దగ్గరుండి చూశాడు. అక్కడ పిల్ల ఉడుములు నేల కింది బొరియల్లో తలదాచుకుంటాయి, కీచురాళ్ల మీద ఎక్కువగా బతుకుతాయి. బొరియలో గాలి చెమ్మగా ఉంటుంది. మన ఇంట్లో జల్లెడ మూత, పైన దీపం, అడుగున రెండంగుళాల రంపపు పొట్టు ఉంటే ఊపిరి ఊపిరికీ దాని ఒంట్లో నీరు ఆవిరవుతుంది. గిన్నెలో నీళ్లు నిండుగా ఉన్నా సరే. ఇలా ఎండిపోయిన ఉడుముకి ముందు ఆకలి మందగిస్తుంది, ఆనక మూత్రపిండాలు దెబ్బతింటాయి. అందుకే మూత గట్టిగా మూసి, ఎరువు కలపని తోటమన్నూ ఇసకా కలిపి రెండడుగుల లోతు పోయమంటాను. గుప్పిట్లో పిసికితే ఉండ కట్టాలి, వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు. తవ్విన సొరంగం కూలకుండా నిలవాలి. బరువు మోయలేని బల్ల మీద ఇది కుదరదు, నేల మీదే పెట్టె కట్టుకోవాలి.

తిండి గురించి తక్కువే చెబుతాను. కాల్షియం పొడి అద్దిన కీచురాళ్లు, బొద్దింకలు, నత్తలు. ఎముకలు గట్టిపడేందుకు యూవీబీ దీపం. రోజూ ఎలుకపిల్లల్ని పెడితే పొట్టా తోకా లావెక్కుతాయి, కాలేయానికి కొవ్వు పడుతుంది, పొడవు మాత్రం అంతే. అందుకే వంటింటి త్రాసు మీద వారానికోసారి తూచి, ముక్కు నుంచి తోక మొదలు దాకా కొలిచి, రెండూ పక్కపక్కన రాసుకోవాలి. ఇన్నీ చేసినా బక్కగానే ఉంటే దాని మలం పట్టుకుని సరీసృపాలు చూసే డాక్టరు దగ్గరికెళ్లాలి. అడవి నుంచి వచ్చిన వాటి కడుపులో పురుగులుండడం మామూలే. మందు ఆయనే వెయ్యాలి, మనం కాదు.

ఈ మధ్య గుంటూరు నుంచి మా మేనల్లుడు ఫోన్ చేసి, "మావయ్యా, పొలం గట్టు మీద పిల్ల ఉడుము దొరికింది, పెంచుకోనా?" అనడిగాడు. వెంటనే తీసుకెళ్లి ఆ గట్టు మీదే వదిలెయ్యమన్నాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మన ఉడుముని మొదటి షెడ్యూల్లో పెట్టింది. పట్టడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. చట్టం లేకపోయినా అదే చెప్పేవాణ్ని. నేనిక్కడ బల్బులతో, బస్తాల మట్టితో కష్టపడి కట్టేదంతా దానికి ఆ గట్టు మీదే ఉంది.

ఇక్కడి కుర్రాళ్లకు ఇంకో మాట కూడా చెబుతాను. పెట్టె మార్చిన తర్వాత కొన్ని వారాలు చేతుల్లోకి తీసుకోవద్దు. పక్కింటివాళ్ల ఉడుముతో పోల్చి చూడొద్దు. ఆడది సాధారణంగా మగదానికన్నా చిన్నగానే ఉంటుంది. త్రాసు మీద అంకె కదలకముందే వేరే గుర్తులు కనిపిస్తాయి: పొద్దున దీపం వెలగగానే పలకల మీదికి రావడం, కీచురాయిని తరిమి పట్టుకోవడం, మన్నులో కొత్తగా తవ్విన కన్నం. రెండు రోజులు బయటికే రాకపోతే కంగారుపడి తవ్వి తీస్తారు కొందరు. తియ్యకండి. దానికి నచ్చిన చోటు దొరికింది, అంతే.