తెరమీది స్టాలిన్‌గ్రాడ్

యుద్ధాన్ని ఆటగా ఆడి నేర్చుకొనడం నేటి సంగతి కాదు. ప్రష్యా సైన్యాధికారి రైస్విట్జ్ రూపొందించిన యుద్ధక్రీడ 1824 నాటికే అక్కడి అధికారుల శిక్షణలో ప్రవేశించింది. పటము, పాచికలు, ఒక మధ్యవర్తి - ఇవి దాని సాధనాలు. నేడు ఆ మధ్యవర్తి స్థానంలో కంప్యూటరు కూర్చున్నది. మనిషి ఇచ్చిన తీర్పును అడ్డి ప్రశ్నించవచ్చును. కంప్యూటరు తీర్పు ఆట నియమాలలో దాగి ఉంటుంది. కావున ఇట్టి ఆటల గుణదోషాలు నిర్ణయించేటప్పుడు బొమ్మల అందం కంటె నియమాలను ముందుగా పరిశీలించవలెను. ప్రతి నియమమూ యుద్ధం ఇట్లా నడుస్తుందని చెప్పే ఒక ప్రతిపాదన. దానిని వాస్తవాలతో సరిచూడడమే శాస్త్రీయ పద్ధతి.

1942-43లో జరిగిన స్టాలిన్‌గ్రాడ్ పోరాటం ఇందుకు మంచి ఉదాహరణ. దీనిని చిత్రించిన ఆటలలో ఒకటి క్రొయేషియాలో తయారై 2011లో వెలువడిన 'యూనిటీ ఆఫ్ కమాండ్'. ఇందులో శౌర్యం కంటె సరఫరాకే ప్రాధాన్యం. రైలు మార్గాలతో సంబంధం తెగిన దళం వంతు వంతుకూ బలహీనమవుతుంది. జరిగిన చరిత్ర కూడ ఇదే. 1942 నవంబరు 19న సోవియట్ సేనలు ఎదురుదాడి ప్రారంభించి, నాలుగైదు రోజులలో జర్మన్ ఆరవ సైన్యాన్ని చుట్టివేసినవి. లోపల చిక్కినవారికి విమానాల ద్వారా దినానికి సుమారు 500 టన్నుల సామగ్రి కావలసి ఉండగా, సగటున అందినది దాదాపు 100 టన్నులే. ఆకలి, చలి మిగిలిన పని పూర్తి చేసినవి. 1943 ఫిబ్రవరి 2న చివరి దళాలు లొంగిపోయినవి. ఈ కార్యకారణ సంబంధాన్ని ఆట చక్కగా పట్టుకున్నది.

కెనడాలో తయారై 2013లో వెలువడిన 'కంపెనీ ఆఫ్ హీరోస్ 2' సంగతి వేరు. 1942 జూలై 28న స్టాలిన్ జారీచేసిన 227వ నంబరు ఉత్తర్వును ఈ ఆట ఒక నియమంగా మార్చింది. నిర్బంధ సైనికులను రప్పించిన తరువాత కొంతసేపు వెనుదిరిగినవారిని సొంత అధికారులే కాల్చివేస్తారు. దీనిపై రష్యాలో నిరసన చెలరేగి, అదే సంవత్సరం అక్కడ ఆట అమ్మకం నిలిచిపోయింది.

ఉత్తర్వు కల్పితం కాదు; దాని కాఠిన్యమూ కల్పితం కాదు. పారిపోయేవారిని ఆపుటకు సేనల వెనుక అడ్డగింపు దళాలను నిలపవలెనని అది ఆదేశించింది. అయితే ఆ దళాలు చేసినదేమి? 1942 ఆగస్టు 1 నుండి అక్టోబరు 15 వరకు వారు పట్టుకొన్నవారు 1,40,755 మంది అని సోవియట్ నివేదిక చెబుతున్నది. అందులో కాల్చబడినవారు 1,189 మంది, అనగా నూటికి ఒక్కరికంటె తక్కువ. తిరిగి తమ దళాలకు పంపబడినవారు 1,31,094 మంది. సైనిక న్యాయస్థానాలు విధించిన మరణశిక్షలు ఈ లెక్కలో చేరవు. 1,189 ప్రాణాలు స్వల్పమని ఎవరూ అనరు. కాని అరుదుగా జరిగినదానిని నిత్యకృత్యంగా చూపితే, లక్షలమంది ఆ నగరాన్ని ఎందుకు వదలలేదన్న ప్రశ్నకు తుపాకి భయమొక్కటే జవాబుగా మిగులుతుంది. అది చరిత్రకు అన్యాయం.

మొదటి ఆటలోనూ లోపాలు లేకపోలేదు. పార్శ్వాలను కాచిన రుమేనియా సేనల బలహీనత నేటి ఆటగానికి ముందే తెలుసు. నాటి సేనాపతులు దానిని తక్కువగా అంచనా వేసినారు. అంతకంటె పెద్ద లోపం, పటంమీద సైన్యాలే కాని ప్రజలు లేకపోవడం. 1942 ఆగస్టు 23న మొదలైన బాంబుదాడిలో వేలాది పౌరులు మరణించినారు. ఆట లెక్కలో వారు ఏ పక్షానికీ నష్టం కారు.

యావత్తు యుద్ధాన్ని ఏ ఆటా ఇముడ్చుకొనలేదు. కొంత విడిచిపెట్టక తప్పదు. కాని విడిచిపెట్టడం వేరు, తప్పు పాళ్లలో చూపడం వేరు. మొదటిదానిని పుస్తకం చదివి పూరించుకొనవచ్చును. రెండవది ఆడుతూ ఆడుతూ అనుభవంగా మారుతుంది గనుక, తరువాత చదివిన పుస్తకాన్ని కూడ నమ్మనీయదు.